రౌటర్ మీద ఆయన చీటీ

మా నెట్‌వర్క్ సార్ పోయారని సోమవారం పొద్దున లైబ్రరీ మేడమ్ ఫోన్ చేసి చెప్పింది. నేను అప్పుడే దీపం పెట్టి శివుడికి మారేడు దళాలు వేస్తున్నాను. ముందురోజు గుండెనొప్పి వచ్చిందట, దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయిందట. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు చేతిలోని దళం చేతిలోనే ఉండిపోయింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. ఇబ్రహీంపట్నం దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లన్నిటికీ ఇంటర్నెట్ సరిగ్గా అందేలా చూడటం ఆయన పని. కోస్తా నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడ్డారు. రోజూ బస్సులో వచ్చేవారు. నేను ల్యాబ్ అటెండర్‌ని, చదివింది పదో తరగతి. తాళాలు తీయడం, దుమ్ము తుడవడం, సాయంత్రం అన్నీ ఆపి తాళాలు వేయడం నా పని.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న చీటీల కట్ట ఉండేది. దేని మీదైనా చీటీ రాసి అంటించేవారు. ఫ్యాన్ స్విచ్ పక్కన ‘మూడు మీద తిరగదు, నాలుగు మీద పెట్టండి’. మంచినీళ్ల కుండ మీద ‘మూత మరవకండి’. పిల్లలు నవ్వుకునేవాళ్లు, కానీ మూత మాత్రం పెట్టేవాళ్లు. ఏదైనా చెడిపోతే ఒక్క తీగ మార్చి, స్టూలు మీద కూర్చుని గడియారం చూసేవారు. ఎందుకు సార్ ఊరికే కూర్చున్నరు అని అడిగితే, “ఒకటి మార్చాక ఆగాలమ్మా. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు” అనేవారు.

నన్ను నిలబెట్టింది ఆ ఆగడమే. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అవి మా వైపు భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజులు. రావిర్యాల వైపు కంపెనీలు, సాగర్ రోడ్డు పొడుగునా కాలేజీలు. ఉద్యోగాలు పెరిగాయి, వాటికోసం తిరిగేవాళ్లు ఇంకా పెరిగారు. నాలాంటి దాన్ని తీసేస్తే మర్నాటికి ఇంకొకరు వచ్చేవారు.

దసరా సెలవులకు ముందురోజు కాలేజీలో ఆయుధపూజ. ప్రతి యంత్రాన్నీ ఆపి, తుడిచి, బొట్టు పెడతాం. ఆరోజు సార్ సెలవు మీద ఊరెళ్లారు. సర్వర్ గదిలో రౌటర్ అనే పెట్టె ఉంది. కాలేజీలోని ఇంటర్నెట్ అంతా దాని గుండానే అన్ని గదులకూ పోతుంది. దాన్ని మాత్రం ఎప్పుడూ ఆపొద్దని సార్ చెప్పారు. కానీ నాకు మనసొప్పలేదు. ఏడాదంతా నిద్రలేకుండా నడిచేది, పండుగనాడైనా కాసేపు ఆగవద్దా? ఆపాను. తుడిచి, గంధం రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చి మళ్లీ వేశాను. దీపాలన్నీ వెలిగాయి. ఎవరికీ చెప్పలేదు.

సెలవులయ్యాక ప్రిన్సిపాల్ సార్ పిలిచారు. ఏ గదిలో ఇంటర్నెట్ ఎంత వాడారో గీతలుగా గీసి చూపే కంప్యూటర్ ఒకటుంది. సెలవులన్నాళ్లూ రెండో ల్యాబ్ గీత కొండలా లేచి ఉంది.

“తాళం నీ తాననే ఉండె. లోపలికి ఎవర్ని రానిచ్చినవ్?” అన్నారు.

“నేను తాళమే తియ్యలె సార్.”

“నువ్వు తియ్యకపోతే దయ్యాలు నడిపినయా?”

తాళాల గుత్తి అక్కడ పెట్టి పొమ్మన్నారు. రేపు మేనేజ్‌మెంట్‌కు రాసి పంపుతానన్నారు. నా కొంగుకు పదేళ్లుగా ఉన్న బరువు పోయేసరికి నడక కూడా నాది కాదనిపించింది. ఉద్యోగం పోతుందనే భయం ఒకటి. దొంగతనంగా ల్యాబు తెరిచిందని ఊళ్లో అనుకుంటారనే భయం ఇంకొకటి. అక్కడే ఉన్న నెట్‌వర్క్ సార్ మాత్రం, “ఒక్కరోజు ఆగండి సార్. ముందు పెట్టెను అడుగుదాం, మనిషిని తర్వాత” అన్నారు.

ఇంట్లో అన్నం సయించలేదు. పూజగదిలో కూర్చుంటే, పూజకోసం చేసిన పనే గుర్తొచ్చి దేవుడి ముఖం చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే సార్ నన్ను సర్వర్ గదికి పిలిచారు. రౌటర్ నుంచి రెండో ల్యాబుకు పోయే తీగ పీకి నా చేతికిచ్చి, పట్టుకోమన్నారు. పక్కనున్న తెర మీద ఆ గీత ఐదు నిమిషాలకొకసారి ముందుకు జరుగుతుంది. ఆయన స్టూలు మీద కూర్చున్నారు. నేను మనసులో శివనామం అనుకుంటూ నిలబడ్డాను. అంత పొడుగు ఐదు నిమిషాలు నా జీవితంలో లేవు.

గీత జరిగింది. కిందికి మాత్రం పడలేదు.

“తీగ మీ చేతిలో ఉంది. రెండో ల్యాబ్ ఇంకా నడుస్తోందంటోంది చూడండి” అన్నారు మెల్లగా.

నా తీగ మళ్లీ పెట్టి, హాస్టల్ తీగ పీకారు. మళ్లీ ఐదు నిమిషాలు. ఈసారి రెండో ల్యాబ్ గీత సున్నాకు పడిపోయింది. పేరు మాది, వాడకం పండుగకు ఊళ్లకు పోని హాస్టల్ పిల్లలది.

నా ప్రాణం కుదుటపడబోయింది. అంతలో ఆయన ఏదో టైపు చేసి చూసి అడిగారు. “ఈ పెట్టె సెలవుల ముందురోజు ఆగి మళ్లీ లేచిందమ్మా. కరెంటు పోయినా దీనికి బ్యాటరీ ఉందే. ఎవరాపారు?”

నా తప్పు లేదని అప్పటికే తేలిపోయింది. ఊరుకుంటే సరిపోయేది. ఆయన నావైపు తిరగలేదు, తెరనే చూస్తూ ఉన్నారు.

“నేనే సార్. పూజకు ఆపిన. మీరు వద్దన్నరు గదా, భయమై చెప్పలె.”

ఆయన తెర వదిలి రౌటర్ వైపు తిరిగారు. తర్వాత, “బొట్టెక్కడ పెట్టారు?” అన్నారు. చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశారు. “గాలిపోయే కంతల మీద పెట్టలేదు. మంచిపని చేశారు.”

జరిగిందేమిటో నాకర్థమయ్యేలా చెప్పారు. మధ్యలో చేరిన పిల్లవాడికి చివరి రోల్ నంబరు ఇస్తాం. వచ్చే ఏడు మళ్లీ అక్షరాల వరుసలో వేస్తే అందరి నంబర్లూ మారతాయి. పెట్టెలో తీగలు పెట్టే చోట్లకూ అట్లాగే నంబర్లుంటాయి. ఎండాకాలంలో దానిలో కొత్త భాగం ఒకటి బిగించారు. దానికి చివరి నంబరు దక్కింది. ఆపి వేసేసరికి పెట్టె అందరికీ మొదటినుంచి నంబర్లు వేసుకుంది. గీతలు గీసే కంప్యూటర్ మాత్రం పాత నంబర్లనే నమ్మి, మా పాత నంబరు దక్కిన హాస్టల్ వాడకాన్ని మా పేరు మీద గీసింది.

ప్రిన్సిపాల్ సార్‌తో ఆయన ఇట్లా అన్నారు: “పూజకు ఆపారు సార్, ఆపొచ్చు. ఆపినా నంబర్లు మారకుండా చేసే వీలుంది. అది చేసి పెట్టాల్సింది నేను. చెయ్యలేదు.”

ప్రిన్సిపాల్ సార్ గుత్తి నావైపు జరిపి, “ఉట్టిగనే భయపెట్టిన. తీస్కో” అన్నారు.

ఆ మధ్యాహ్నం తుడవడానికి వెళితే రౌటర్ మీద కొత్త చీటీ ఉంది. ‘ఆపినా ఫర్వాలేదు. నాకు చెప్పండి.’

ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకూ చెప్పాను. పూజలంటే పెద్ద పట్టింపు లేని మనిషి, అయినా గది బయట చెప్పులు విడిచి వచ్చి నిలబడేవారు. కొబ్బరిముక్క నములుతూ ఒక్కొక్క నంబరూ చూసుకుని “అందరూ హాజరు” అనేవారు. రిటైరయ్యాక ఫోన్‌లో చెప్పేదాన్ని. “వేశాక ఐదు నిమిషాలు ఆగి చూడండమ్మా” అనేవారు.

సోమవారం మీర్‌పేట్ వెళ్లి ఆయన్ని చూసి, దండం పెట్టి వచ్చాను. మంగళవారం మామూలుగానే సర్వర్ గది తెరిచాను. ఇన్నేళ్లలో పెట్టెలు మూడు మారాయి. మారినప్పుడల్లా ఆ చీటీని ఊడదీసి కొత్తదాని మీద అంటిస్తూ వచ్చాను. టేపు మీద టేపు పడి దళసరి అయింది, అక్షరాలు వెలిసిపోయాయి, ఒక అంచున ఎప్పటిదో కుంకుమ.

స్టూలు మీద ఐదు నిమిషాలు కూర్చున్నాను. దసరా వస్తోంది. పెట్టెలోంచి వచ్చే వెచ్చటి గాలికి ఆ చీటీ మూల కొంచెం లేచి, మళ్లీ పడుతూ ఉంది.