పెరటి కోడికి కొలతలు

నా చిన్నప్పుడు మా వీధి దర్జీ మనిషిని ఒక్కసారే కొలిచేవాడు, అంగీ సరిపోయేది. ఇప్పుడు నాకు కుట్టే కుర్రాడు భుజాలను మూడుసార్లు కొలిచి, చివరికి చంకల్లో పట్టేసేలా కుడుతున్నాడు. అయినా వాడి చేతిలో టేపు ఉన్నంతసేపూ నేను నోరెత్తను. దానికి కారణం మా అవ్వ కోడి.

కల్మల అనే పల్లెలో ఉన్న కాస్త పొలం పోయాక అవ్వ రాయచూరులో మా ఇంటికి వచ్చేసింది. వెంట తెచ్చుకున్నది ఒక్క కోడిపెట్టను. అది మా పెరట్లో, గంపలో గుడ్ల మీద కూర్చున్న రోజుల్లోనే వెనకింటాయన మున్సిపాలిటీకి ఫిర్యాదు చేశాడు. పక్కవాళ్ల గోడకు ముప్పై అడుగుల లోపు కోడిని ఉంచకూడదట. మా ఇల్లూ పెరడూ వాకిలీ కలిపినా అంత రాదు. చట్టం లెక్కన మా కోడికి తగిన చోటు నడిరోడ్డే.

కొలిచి, కోడిని పట్టుకురమ్మని మున్సిపాలిటీ పంపిన జవాను మా వీధి చివరి ఇంట్లో ఉండేవాడు. మేం మామా అని పిలిచేవాళ్లం. ఆయన టేపు పరిచి గంపలోకి చూశాడు.

"పొదుగుతున్నదా అవ్వా?"

"కండ్లు లేవా నీకు? ఇప్పుడు లేపితే గుడ్లు సల్లబడ్తయ్."

"అట్లనా... జర ఇంకోసారి కొలుస్త."

గోడ నుంచి కోడి ముక్కు దాకా కొలిచాడు. తర్వాత తోక దాకా కొలిచాడు. తర్వాత పెరడును మూల నుంచి మూలకు కొలిచాడు. టేపు రెండో కొస నాది. గట్టిగా లాగితే పెరడు పెరుగుతుందని నా నమ్మకం. దఫ్తరు మూసే వేళ దాకా కొలిచి, పని ఇంకా తెమల్లేదంటూ వెళ్లిపోయాడు. మర్నాడు మళ్లీ అదే పని. అవ్వ పొద్దున్నే ఒక గుడ్డు చెవికి ఆనించుకొని, లోపల ఇంకా అలికిడి లేదని తల అడ్డంగా ఊపి, మళ్లీ గంపలో పెట్టేది.

నిబంధన మార్చడం మామ వల్ల కాదు. ఆయన చేతిలో ఉన్నది కొలవడం ఒక్కటే. గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చేదాకా ఆయన అదే చేస్తున్నాడని నాకు మెల్లగా తెలిసింది.

ఒకరోజు పైఅధికారే వచ్చాడు. ఈ జానెడు పెరటికి ఎన్ని రోజుల కొలతలని కన్నడంలో అడిగాడు. ఇవాళ కోడి రాకపోతే రేపట్నుంచి నువ్వూ రావద్దన్నాడు. మామ వంగి, టేపు మళ్లీ పరచబోయాడు.

ఇప్పటికీ ఎక్కడైనా ఒక గుమాస్తా నిదానంగా పని చేస్తుంటే నేను తొందరపెట్టను. ఏ గంప కోసమో అనుకుంటాను. చాలాసార్లు అది ఉత్త బద్ధకమే. కాకపోతేనో, అని ఆగుతాను.

అధికారి వచ్చిన ఆ పూట అవ్వ గుడ్డును చెవికి ఆనించుకొని చాలాసేపు విన్నది. ఎప్పటిలాగే తల అడ్డంగా ఊపి, గంపలో పెట్టేసింది.

"కొలిచింది చాలు తియ్ బిడ్డా. కోడిని పట్కపో, నీ నౌకరి ఉంచుకో."