వ్యాను ఆగిన ఇరవై రెండు నిమిషాలు

పోయినవి ఇవి. ధర్మవరంలో నేసిన పట్టుచీరలు మూడు వందల పన్నెండు. వాటిని బెంగళూరుకు తీసుకెళ్తున్న మూసిన వ్యాను ఒకటి, స్టెప్నీతో సహా. డ్రైవర్ చెప్పులు, వెనక తలుపు తెరవబోయి కాలిన అతని ఎడమ అరచేతి చర్మం. డ్యాష్‌బోర్డు కింద బిగించిన సబ్బుపెట్టె అంత నల్ల డబ్బా.

2007 మార్చిలో ఈ సర్వే నాకు అప్పగించారు. అప్పటికి నేను హిందూపురంలో బీమా సర్వేయర్‌ని. కంపెనీ ఉద్యోగిని కాను. నష్టం జరిగినప్పుడు వెళ్లి, ఎంత పోయింది, ఎందుకు పోయింది అని కొలిచి రిపోర్టు ఇచ్చే లైసెన్సుదారుణ్ణి. పెద్ద చదువు లేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను, పాత పద్ధతిలో అనుభవం మీద లైసెన్సు వచ్చింది.

పెనుకొండ దాటి హిందూపురం వైపు వస్తుండగా వెనక చక్రం బ్రేకు పట్టేసి టైరుకు నిప్పంటుకుని వ్యానంతా కాలిపోయింది. బ్రేకు డ్రమ్ము రంగు చూస్తేనే అది తెలిసింది. పోలీసుల పంచనామా అయ్యాక బూడిదంతా గోనెసంచుల్లో ఎత్తించి సీలు వేశాను. కాలగా మిగిలినదాన్ని మా భాషలో సాల్వేజి అంటారు. అది లెక్క తేలేదాకా సర్వేయర్ అదుపులో ఉండాలి.

వ్యాను యజమాని నాగరాజు నన్ను హిందూపురంలోని తన ఆఫీసుకు పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తెర మీద రోడ్డు, రోడ్డు పొడుగునా చుక్కలు. ఆకాశంలోని ఉపగ్రహాల సాయంతో ఆ నల్ల డబ్బా తానెక్కడుందో తెలుసుకుని నిమిషానికోసారి ఫోన్ సిగ్నల్ మీద కబురు పంపేదట. పెనుకొండ కొండ మలుపు దగ్గర చుక్కలు కూడా మలుపు తిరిగాయి. ముప్పై ఏళ్లుగా నేను తిరిగిన రోడ్డు అది. డబ్బా కాలిపోయింది. అది చెప్పిన మాటలు మాత్రం కాలకుండా ఎక్కడో బెంగళూరులో భద్రంగా ఉన్నాయి.

నాగరాజు నవ్వాడు. "వాడు యాడ టీ తాగినా ఈడ కనబడ్తాది సార్. పెండ్లానికైనా అబద్ధం చెప్పొచ్చు, దీనికి చెప్పలేడు."

ప్రమాదానికి ముందు పెనుకొండ దగ్గర చుక్కలు ఒకేచోట కుప్పపడ్డాయి. వ్యాను అక్కడ ఇరవై రెండు నిమిషాలు ఆగింది. నేను ఒక్కరోజు వివరాలే అడిగాను. డబ్బాలు అమ్మిన సంస్థ నాగరాజు ద్వారా ఐదు నెలలవి సీడీలో పంపింది. ప్రతి ట్రిప్పులోనూ అదే చోట, దాదాపు అంతే సేపు ఆగుడు. అంతే కాదు, డ్రైవర్ ఏ హోటల్లో తింటాడు, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్తాడు, ఏ రోజు ఇంటికి పోలేదు, అన్నీ ఉన్నాయి. అతన్ని నేను అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదు. అయినా అతని ఇంట్లోవాళ్లకు తెలియనిది నాకు తెలిసిపోయింది.

సంగతి చెప్పగానే, బీమా కంపెనీలో క్లెయిములు చూసే అధికారికి ఆ కుప్ప చాలింది. అక్కడ సరుకు దింపుకుని, ఖాళీ వ్యాను తగలబెట్టారని ఆయన అనుమానం. ప్రతి ట్రిప్పులోనూ ఆగాడంటే అలవాటైన దొంగతనమే అన్నాడు. ఐదు నెలల వివరాలూ రిపోర్టుకు జతచేయమని, డ్రైవర్ మీద కేసు పెట్టిస్తామని చెప్పాడు.

డ్రైవర్ ఫకృద్దీన్ ఆస్పత్రిలో చేతికి కట్టుతో కూర్చుని ఉన్నాడు. పెనుకొండవాడు, నలభై దాటినవాడు. ఆగిన మాట దాచలేదు.

"నిలబెట్టింది నిజమే సార్. ఎందుకని మాత్రం అడగొద్దండి."

"చెప్పకపోతే నిన్ను దొంగంటారు గదప్పా."

"అననీ సార్. దొంగంటే నేనొక్కణ్ణే పోతా. అది చెప్తే ఇంకొకరి బతుకు బజారున పడ్తాది."

తన బండిలో అట్లాంటి డబ్బా ఉందని అతనికి తెలుసా అని అడిగాను. చార్జింగ్ కోసం పెట్టిందేమో అనుకున్నాడట.

మరునాడు స్కూటర్ మీద ఆ చోటికి వెళ్లాను. కారణం పది నిమిషాల్లో తెలిసింది. దొంగతనం కాదు, ఏ నేరమూ కాదు. అంతకు మించి ఇక్కడ రాయను.

హిందూపురంలో తెలిసిన వకీలును అడిగాను. కంప్యూటర్ కాగితాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే ఆ యంత్రం సరిగ్గా పనిచేసిందని సర్టిఫికెట్ కావాలన్నాడు. అందులో చిక్కిన మనిషి ఒప్పుకున్నాడా అని చట్టం అడుగుతుందా అంటే, అట్లాంటి సెక్షన్ తనకు కనబడలేదన్నాడు. వ్యాను నాగరాజుది, డబ్బా సంస్థది, క్లెయిము చీరల వ్యాపారిది. ఆ చుక్కలు ఎవరివో ఆయనకూ తెలియలేదు. కోర్టు ఫైలులో చేరితే నకలు ఎవరి చేతికైనా పోవచ్చని మాత్రం హెచ్చరించాడు.

కాబట్టి ఆ ఆగుడు జోలికి పోకుండానే సరుకంతా వ్యానులో ఉందని తేల్చాలి. ధర్మవరంలో పాత పట్టుచీరలు కొనేవాళ్లు వాటిని కాల్చి, జరీలోని లోహం తీసి అమ్ముకుంటారు. పట్టు పోతుంది, జరీ పోదు. వాళ్లలో వెంకటస్వామి అనే పెద్దమనిషి ముందు గోనెసంచులు దింపాను.

"మూడొందల చీరలు కాల్చాలంటే మేం మూడేండ్లు ఊర్లు తిరగాల. మీరేంది సామీ, ఒక్కపూటలో కాల్చుకోనొచ్చినారు" అన్నాడు.

వ్యాపారి జరీ కొన్న బిల్లుల ప్రకారం చీరకు తొంభై గ్రాముల లోహం, మొత్తం ఇరవై ఎనిమిది కిలోల ఎనభై గ్రాములు ఉండాలి. ముందు అదే రకం చీర ఒకటి కాల్పించి చూశాను. నూటికి రెండున్నర పాళ్లు తరుగు వచ్చింది. తర్వాత బూడిద జల్లించి, కడిగి, కరిగించారు. రెండు రోజులు దగ్గరే కూర్చున్నాను. నల్లటి మసిలోంచి ఆ ముద్ద మెరుస్తూ బయటికొచ్చినప్పుడు వెంకటస్వామి కూడా వంగి దగ్గరగా చూశాడు. తూకం ఇరవై ఏడు కిలోల రెండు వందల యాభై గ్రాములు. తరుగు పోను ఇంకా ఒకటిన్నర చీర తక్కువ. గాలికీ, ఆర్పడానికి కొట్టిన నీళ్లకీ పోయిందని రాశాను.

లోహం అంతా బూడిదలో ఉందంటే చీరలన్నీ వ్యానులోనే కాలాయి. మధ్యలో ఎవరూ ఏమీ దింపలేదు. రిపోర్టుకు ప్రమాదం రోజు కాగితం ఒక్కటే జతచేశాను. ఆగిన చోటు అందులో కనబడుతూనే ఉంది. దాని పక్కన "నష్టంతో సంబంధం లేదు" అని రాసి సంతకం పెట్టాను. సీడీని సీలు చేసి, రసీదు తీసుకుని నాగరాజుకు తిరిగిచ్చాను. క్లెయిము పాసైంది. కేసు పెట్టలేదు. ఫకృద్దీన్ వ్యాను మానేసి పెనుకొండలో ఆటో తోలుకున్నాడు.

కొలవడానికి ఎంత అవసరమో అంతే అడగాలని, అడగకుండా వచ్చినదాన్ని వాడుకోకూడదని ఆ సర్వేతో నేర్చుకున్నాను. అసలు చుక్కలు బెంగళూరులో ఏ యంత్రంలో ఉన్నాయో, ఎవరు చూస్తున్నారో నాకు తెలియదు. వాటిని చెరపమని అడిగే హక్కు నాకు లేదు, ఫకృద్దీన్‌కు ఉందని ఎవరూ చెప్పలేదు.

ఆ అధికారి ఆగిన కారణం రాసివ్వమని తర్వాత రెండుసార్లు ఉత్తరం పంపాడు. నేను జవాబివ్వలేదు. లైసెన్సు వదులుకున్న నాటికి నేను లెక్క చెప్పకుండా మిగిల్చింది అదొక్కటే. ఇప్పటికీ నేను బాకీ ఉన్నది ఇరవై రెండు నిమిషాలు.