మలుపు మలుపుకూ చెప్పాలి

వేసవి సాయంత్రాల్లో మా రాజంపేటలో ఒక్కోసారి గాలిదుమ్ము లేస్తుంది. వెలుతురు పసుపు రంగుకు తిరుగుతుంది, వీధిలో రేకులు దడదడలాడతాయి. సరిగ్గా ఆ వేళకే నా భార్య దేవుడి గూట్లో ఊదుబత్తి వెలిగిస్తుంది. దుమ్ము వాసనా ఊదుబత్తి వాసనా కలిసి ముక్కుకు తగిలాయంటే నా చేతిలో పని ఆగిపోతుంది. ఎప్పుడో తొంభైల్లో, ఖతార్‌లో, కారులో నా పక్క సీట్లో కూర్చున్న ఒక థాయ్ ఆవిడ గుర్తుకొస్తుంది. ఆమె పేరు బున్‌మీ. నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను "నొంగ్" అనేది. వాళ్ల భాషలో తమ్ముడని అర్థం.

అప్పుడు నేను దోహాలో, ఐన్ ఖాలిద్ వైపు ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవర్‌ని. పిల్లల్ని బడికి, మేడమ్‌ను బజారుకు తిప్పడం నా డ్యూటీ. బున్‌మీ అక్క ఆ ఇంటి వంటమనిషి. నలభై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉండేది. నడిస్తే అడుగుల చప్పుడు వినిపించేది కాదు. మా గదులు కాంపౌండ్ గోడ వెంట పక్కపక్కనే ఉండేవి. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడుకునేవాళ్లం. ఆ మాటలనే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నేను చేరిన కొత్తలో ఆమె గది వెనక, ఏసీ పెట్టె కింద, ఒక బిస్కెట్ డబ్బా కనిపించింది. దాన్ని ఇల్లులా నిలబెట్టి అట్టముక్కతో పైకప్పు వేసింది. లోపల వేలెడంత మట్టి బొమ్మలు రెండున్నాయి. ముందు గుప్పెడు జిగురు అన్నం, ఒక గ్లాసులో ఎర్రటి కూల్‌డ్రింక్, అందులో స్ట్రా. మధ్యాహ్నం నిండుగా ఉన్న గ్లాసు సాయంత్రానికి సగమైంది.

"ఎవరు తాగినారక్కా?" అని అడిగాను.

"ఈ నేల ఎవరిదో వాళ్లు," అంది, ఉల్లిపాయలు తరుగుతూనే. "మా దేశంలో ఇళ్ల ముందు వాళ్లకని ఒక చిన్న ఇల్లు పెడతాం. వాళ్ల చోటులో మనం ఉంటున్నాం కదా, మర్యాద చెయ్యాలి."

"ఎండకు ఇంకిపోయి ఉంటుందిలే."

ఆమె కత్తి పక్కన పెట్టి, వెళ్లి ఆ స్ట్రా తెచ్చి చూపించింది. దాని కొస పళ్లతో నొక్కినట్టు అణిగి ఉంది. ఆమే నొక్కి ఉంటుందనుకున్నాను.

"మేడమ్ చూస్తే?" అన్నాను.

"చూసింది. పిల్లులకు పెడుతున్నాననుకుంది."

కొన్ని నెలలు గడిచాక ఒకరోజు, బియ్యం ఆవిరి మీద పెట్టి, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పింది. "నా భర్త కూడా ఈ ఊళ్లోనే ఉన్నాడు."

"అవునా! ఏం పని?"

"చనిపోయాడు."

ఆయన పేరు ఖామ్. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోడౌన్ కడుతుండగా పైనుంచి పడిపోయాడు. శవాన్ని విమానంలో పంపారు, ఊళ్లో దహనం కూడా అయింది. అయినా ఖామ్ తల్లిని ఒక కల వదల్లేదు. కొడుకు ఒక రేకుల గోడ పక్కన ఎండలో గొంతుక్కూర్చుని, దారి తెలియడం లేదమ్మా అనేవాడట. అలా ఉన్నట్టుండి పోయినవాళ్లు పడినచోటే ఉండిపోతారనీ, సొంతవాళ్లు వచ్చి పేరు పెట్టి పిలిస్తేనే కదులుతారనీ వాళ్ల నమ్మకం. అందుకోసమే అక్క వంటపని ఒప్పుకుని ఇంత దూరం వచ్చింది.

అరబ్బీలో రూహ్ అంటే ఆత్మ. పో అనడానికీ రూహ్ అనే అంటారు. అక్క తనకొచ్చిన ఆ కాస్త అరబ్బీతోనే నాకు చెప్పింది. "రూహ్ మాఫీ రూహ్." ఆత్మ ఇంకా వెళ్లలేదు.

"నాకిట్లాంటివంటే బయం అక్కా," అన్నాను.

"నాకూ భయమే నొంగ్," అంది. "కానీ నేను రాకపోతే ఆయన ఎన్నాళ్లని కూర్చోవాలి?"

ఆ గోడౌన్ ఏదో తెలుసుకోవడానికే ఆమెకు చాలా కాలం పట్టింది. ఖామ్‌తో పనిచేసినవాడొకడు చివరికి గుర్తులు చెప్పేనాటికి ఆమె వీసా గడువు అయిపోవచ్చింది. ప్రయాణం శుక్రవారం సాయంత్రం. విమానాశ్రయంలో దింపిరమ్మని మేడమ్ నాకే చెప్పింది. ఎప్పుడూ వెనక కూర్చునే అక్క ఆ రోజు ముందు సీట్లో కూర్చుంది. "వెనక సీటు ఆయనకు," అంది. ఇంక అడిగేదేమీ లేదని నాకు అర్థమైంది. కారు ఇండస్ట్రియల్ ఏరియా వైపు తిప్పాను.

గాలిదుమ్ముకు పట్టపగలే దీపాలు వేసుకుని నడపాల్సి వచ్చింది. సెలవు కావడంతో షెడ్లన్నీ మూసి ఉన్నాయి, మనిషి జాడ లేదు. ఎక్కడో ఊడిన రేకు ఒకటి ఆగకుండా కొట్టుకుంటోంది. అక్క ఒక పొడవాటి రేకుల గోడ దగ్గర ఆపమంది. సంచిలోంచి ఖామ్ నీలం చొక్కా తీసి నేల మీద పరిచింది. ఊదుబత్తులు వెలిగించబోతే అగ్గిపుల్లలు ఒకటొకటిగా ఆరిపోయాయి. నేను వెళ్లి చేతులు అడ్డం పెట్టాను. వెలిగాక చేతులు తీసేశాను. నా చొక్కా గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉంది. ఆ పొగ మాత్రం నిటారుగా పైకి లేచింది.

"ఖామ్! గ్లాప్ బాన్!" అని పిలిచింది అక్క. ఇంటికి పోదాం అని. గొంతులో ఏడుపు లేదు, అన్నానికి పిలిచినట్టు పిలిచింది. కాసేపు ఆగింది. మళ్లీ పిలిచింది. తర్వాత ఎవరో లేచి నిలబడితే చూసినట్టు ఆమె తల మెల్లగా పైకెత్తింది. వంగి చొక్కాను రెండు చేతుల మీదికి తీసుకుంది. ఒక చొక్కాకు అంత బరువుండదు. కారు దాకా ఆమె ఒక్కో అడుగూ ఆనించి నడిచింది. అంతకుముందెప్పుడూ నేను ఆమె అడుగుల చప్పుడు వినలేదు.

"మలుపు మలుపుకూ చెప్పాలి," అంది చొక్కాను వెనక సీట్లో పెట్టి. "చెప్పకుండా తిరిగితే ఆ మలుపులోనే నిలిచిపోతాడు."

దోహా అప్పుడు రౌండబౌట్ల ఊరు. మొదటి రౌండబౌట్ దగ్గర అక్క వెనక్కి తిరిగి తన భాషలో దారి చెప్పింది. రెండోదాని దగ్గర నోరు తెరిచింది గానీ మాట పెగల్లేదు. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అక్కడ తన్నుకొచ్చింది. చెప్పకుండా ఎలా తిరగాలి? తిరగాల్సిన రోడ్డు వదిలేసి మళ్లీ చుట్టు తిప్పాను. ఆమెకు గొంతు రాలేదు. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. మరో చుట్టు తిప్పి, ఇంక ఆగలేక నేనే అన్నాను. "అన్నా, కుడిపక్కకు తిరగతాండాం. యల్లా, రా."

అక్క కన్నీళ్లతోనే తల ఊపింది. అక్కడినుంచి విమానాశ్రయం దాకా ప్రతి మలుపూ నేనే చెప్పాను, మా కడప జిల్లా తెలుగులో. ఒకసారి ఎదురుగా ఉన్న అద్దంలోకి చూశాను. వెనక కిటికీకి ఒక్కచోట ఆవిరి పట్టి ఉంది. ఏసీ కారుకు ఆవిరి బయట పడుతుంది. ఇది లోపలివైపు పట్టింది. మళ్లీ అద్దం చూడకుండానే నడిపాను.

దిగేటప్పుడు అక్క చొక్కాను గుండెకు పొదువుకుని, కిటికీ దగ్గరకు వంగింది. "నొంగ్, తిరిగి వెళ్లేటప్పుడు మలుపుల దగ్గర మాట్లాడొద్దు."

"ఎందుకక్కా?"

"వినేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు."

ఆ దారంతా పెదవులు బిగించుకుని వచ్చాను. దుమ్ములో రోడ్డు వార కంపెనీ బట్టల్లో మనుషులు నిలబడి ఉన్నారు. క్యాంప్ బస్సు కోసం చూస్తున్నవాళ్లే అయి ఉంటారు. కానీ నా కారు దగ్గరకు రాగానే వాళ్లందరూ ఒకేసారి తలలు తిప్పి చూశారు.

కొన్ని వారాల తర్వాత ఆ ఇంటికి ఫోన్ చేసి అక్క నన్ను పిలిపించింది. అత్తగారు ఇప్పుడు హాయిగా నిద్రపోతోందట. చివరిసారి కలలో కొడుకు గుమ్మంలోకి వచ్చి చెప్పులు విడిచాడట. "ఏదో అన్నాడట, మా అత్తకు అర్థం కాలేదు. తిరగతాండాం అంటే ఏమిటి నొంగ్?" అని అడిగింది. ఆ మాట ఆమె నా నోట విని అత్తకు చెప్పి ఉండవచ్చు. అలాగే అనుకోవాలని ఇన్నేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. ఆ తర్వాత ఆమె గొంతు మళ్లీ వినలేదు.

దేశానికి తిరిగొచ్చాక నేను అంబులెన్స్ నడపడం మొదలుపెట్టాను. గల్ఫ్‌లో పోయిన మావైపు వాళ్ల పెట్టెలు మద్రాసుకు వస్తాయి. వాటిని పల్లెలకు చేర్చడమే ఇప్పుడు నా బతుకుతెరువు. తోటి డ్రైవర్లు పాటలు పెట్టుకుంటారు. నేను దారి చెబుతాను. మొన్న ఒక తండ్రి నా పక్కన కూర్చుని వచ్చాడు. విమానాశ్రయం నుంచి నీళ్లు కూడా ముట్టలేదు. రేణిగుంట మలుపులో నేను చెబుతుంటే ఉలిక్కిపడి చూశాడు.

"ఎవరితో మాట్లాడతాండావప్పా?"

"మీ వానితోనే. చానా ఏండ్లయింది కదా వాడు ఈ దారిన వచ్చి. మీరే చెప్పండి పెద్దాయనా, మీ గొంతయితే గుర్తుపడతాడు."

ఆయన చాలాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని రోడ్డునే చూశాడు. కోడూరు తోటలు మొదలయ్యే చోట, తెల్లవారుతుండగా, వెనక్కి తిరిగి పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఒరే, కోడూరు వచ్చినాంరా," అన్నాడు. "ఇంగ దగ్గరే."