సేటు రికార్డర్‌కు చుట్టిన గుడ్డ

మా సేటు చెవులు విచిత్రమైనవి. శాంతి నగర్ కార్ఖానాలో పొద్దస్తమానం సాంచలు, అంటే గుడ్డ నేసే మరమగ్గాలు, దడదడలాడినా ఆయనకు వినపడదు. క్యాబిన్‌లో కెమెరాల రికార్డర్ కాస్త గుర్రుమంటే మాత్రం తల పగిలిపోతుంది.

ఆ రికార్డర్‌కు పెద్ద హార్డ్ డిస్క్ వేయించాడు. పాతదాంట్లో వారం బొమ్మలే ఆగేవట, ఇందులో నెల రోజులవి ఉంటాయట. మేం ఎన్నిసార్లు నీళ్లు తాగామో నెల తర్వాత చూసి ఏం చేసుకుంటాడో ఆ దేవుడికే తెలియాలి. కొత్త డిస్క్ చప్పుడు చేసింది, వేడెక్కింది. దానికి మనవాడు చేసిన వైద్యం చూడండి. నూగు పడకుండా దేనికైనా గుడ్డ కప్పడం కార్ఖానాల్లో అలవాటు. స్విచ్చులకు కప్పుతాం, నూలు చుట్టిన కండెల బుట్టలకు కప్పుతాం. ఈయన నేతలో పాడైన గుడ్డ ఒకటి తెచ్చి రికార్డర్‌కు నాలుగు చుట్లు చుట్టి, బీరువాలో పెట్టి తలుపు మూశాడు. చప్పుడు పోయింది. బీరువా కాలుతోందని తెలిశాక, మేం కండెలు చుట్టే మూలలోని టేబుల్ ఫ్యాన్ పీక్కుపోయి దాని ముందు పెట్టాడు. మూసిన తలుపుకు గాలి! అంత తెలివి. మేం చెమటలో నానుతూ కండెలు చుట్టాం.

కొద్దిరోజులకు మా ఆయన నడిపే సాంచ మీంచి, అడ్డపోగు వేస్తూ అటూ ఇటూ ఉరికే నాడె ఎగిరి ఆయన మోచేతికి తగిలింది. ఎముక విరిగింది. ఆ సాంచలో నాడె ఇరుక్కుంటోంది, బాగుచేయించమని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. సేటు మాత్రం అందరి ముందూ నాతో తేల్చేశాడు.

"సాంచ మంచిగనే ఉంది. ఫోన్ చూసుకుంట నడిపిండు. ఇగ రావద్దని చెప్పు. ఖోలీ ఖాళీ చేయిండ్రి."

పని పోతే సేటు ఇచ్చిన ఖోలీ, మేముండే ఒంటి గది, పోతుంది, ఖోలీ పోతే పిల్లల బడి పోతుంది. అయినా నాకు భయం కన్నా రోత ఎక్కువైంది.

"కెమెరాల చూద్దాం పా సేటూ. ఫోన్ కనవడితే నేనే సామాన్ సర్దుత," అన్నాను.

"పా, నెల దినాలది ఉంటది," అని ఛాతీ విరుచుకొని టీవీ పెట్టాడు. తెర నల్లగా ఉంది. బీరువా తెరిచి, డబ్బా మీద చెయ్యి వేసి, అబ్బా అని వెనక్కి తీసుకున్నాడు. డిస్క్ ఎప్పుడో ఉడికి చచ్చింది. పని పడ్డప్పుడు నేను ఆయనకు చెల్లెను.

"చెల్లే, జర ఆ గుడ్డ తియ్యి."

విప్పాను. గుడ్డ మధ్యలో పోగులు తెగి జానెడేసి చినుగులు. నాడె పోగుల్లో ఇరుక్కుంటే పడే చినుగులవి. ఏ గుడ్డ ఏ సాంచదో తెలియాలని, కోసినప్పుడు అంచు మీద సాంచ నంబరు రాయడం మా పద్ధతి. పాడైన వాటి మీద సేటే రాస్తాడు. నీలి పెన్నుతో, ఆయన చేతిరాతతో, మా ఆయన సాంచ నంబరు ఉంది.

"దెబ్బ తాకకముందే ఈ గుడ్డ దీనికి చుట్టినవ్ సేటూ. సాంచ మంచిగుంటే గీ చినుగులు ఎట్లొచ్చినయ్?" అని అంచు ఆయన కళ్ల ముందు పట్టాను. తలుపు దగ్గర పనివాళ్లంతా నిలబడి ఉన్నారు.

ఆయన గుడ్డను చూడలేదు, నన్నూ చూడలేదు. "డిస్క్ అమ్మినోడు మోసం చేసిండు," అని గొణిగాడు. తర్వాత ఇంకా చిన్నగా, "చెయ్యి మంచిగైనంక పనికి రమ్మను. ఖోలీల ఉండుండ్రి," అన్నాడు.

"సాంచల చప్పుడుకు వినవడలే సేటూ, జర గట్టిగ చెప్పు."

గట్టిగా చెప్పాడు. ఫ్యాన్ ప్లగ్ పీకి, చంకన పెట్టుకొని, మా కండెల మూలకు వచ్చేశాను.