గ్యాస్ గోలీ మీద నేను వేసిన జోకు

నేను తొర్రూరులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆమ్లాలు, క్షారాలు నాకు కొట్టినపిండి. నా కడుపులోని ఆమ్లం మాత్రం నా మాట వినదు. పదేళ్లుగా గ్యాస్ గోలీ వెంట లేనిదే నేను ఎవరింటికీ భోజనానికి పోను.

మా అత్తమ్మది నర్సింహులపేట. ఆమెకు రెండెకరాల పత్తి, మూడు బర్రెలు, ఎనిమిదేళ్ల షుగరు ఉన్నాయి. అల్లుడి విషయంలో ఒక పద్ధతి కూడా ఉంది. నా ఎదుట మంచం మీద కూర్చోదు. తల మీది కొంగు జారనివ్వదు. ఏదైనా అడగాలంటే, నేను రెండడుగుల దూరంలో ఉన్నా, మా ఆవిడనే అడుగుతుంది. నా మాటకు ఎదురు చెప్పడమూ, నా జోకుకు నవ్వడమూ ఆమె దృష్టిలో సమానమైన తప్పులు. పెళ్లయిన కొత్తలో నా జోకులు పేలడం లేదేమోనని బాధపడ్డాను. క్లాసులో అలవాటైన బాధే కనుక త్వరగానే తేరుకున్నాను.

పోయినేడు వానాకాలంలో ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాం. మటన్ కూర రంగు చూసి, ముందుజాగ్రత్తగా జేబులోంచి గోలీ తీశాను.

"అల్లునికి ఏమైందే? గా గోలి ఎందుకు?" అని అత్తమ్మ మా ఆవిడను అడిగింది.

"ఏం గాలే అవ్వా. గ్యాసు గోలి," అని మా ఆవిడ తల్లికి చెప్పింది.

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ ఆ పొద్దున్నే ఫోన్లో ఒక వార్త చూసి ఉన్నాను. గ్యాస్ గోలీలు షుగరును కూడా తగ్గిస్తాయని పైన పెద్ద అక్షరాలతో ఉంది. కింద చిన్న అక్షరాలున్నాయి. వాటి జోలికి పోలేదు.

"అత్తమ్మా, గిది ఉత్త గోలి కాదు. గ్యాసుకూ ఇదే, షుగరుకూ ఇదే. ఇగ నీ షుగర్ గోలీలు బర్రెలకేసి, నువ్వు గివ్వే మింగు," అన్నాను.

మా ఆవిడ నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు. బుద్ధిగా తల ఊపి, నా పళ్లెంలో ఇంకో రెండు ముక్కలు వేసింది.

తర్వాతి వారం అత్తమ్మ గ్యాస్ గోలీలు పంపమన్నదని మా ఆవిడ చెప్పింది. అంత కారం తినే మనిషికి గ్యాసు ఉండదా అనుకుని పంపాను. తర్వాతి నెల మళ్లీ అడిగితే మళ్లీ పంపాను. అడగ్గానే మందులు అందించే అల్లుణ్ని అయినందుకు లోలోపల కొంచెం పొంగాను కూడా.

పత్తి ఏరే రోజుల్లో ఆమె కాలి బొటనవేలికి పత్తికట్టె గీసుకుంది. పసుపు పెట్టింది, మానలేదు. వేలు నల్లబడుతోందని పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే, సెలవు పెట్టి బండి మీద తొర్రూరులోని దవాఖానకు తీసుకొచ్చాను. డాక్టర్ నాకంటే చిన్నవాడు. ఆమె చేతివేలికి సూది గుచ్చి, మిషన్ చూసి, నమ్మలేక ఇంకో వేలికి గుచ్చాడు. రెండుసార్లూ నాలుగు వందలు దాటింది.

"గోలీలు ఏసుకుంటున్నవా అమ్మా?"

"ఏసుకుంటున్న సారు."

"ఏవి, సూపియ్యి."

ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. అందులో ఉన్నవన్నీ నేను పంపిన గోలీలే.

"ఇవి గ్యాసుయి గదమ్మా. షుగర్ గోలీలేవి?"

"బంద్ జేసిన సారు. రెండు నెలలాయె."

"ఎవలు చెయ్యమన్నరు?"

అత్తమ్మ నా వైపు చూడలేదు. గోడకున్న క్యాలెండర్ వైపు చూసింది.

"ఎవ్వలన్లే సారు. నాకే బుద్ధి లేక."

"బుద్ధి లేకపోతే వేలు పోతది. తెల్వనప్పుడు అడగాలె. నీ ఇష్టమొచ్చినట్టు మింగుతవా?" అని గట్టిగానే కోప్పడ్డాడు. తలుపు తెరిచే ఉంది. బయట వరుసలో కూర్చున్నవాళ్లందరూ విన్నారు. తర్వాత నా వైపు తిరిగాడు. "మీరు చదువుకున్నోళ్లు గద సార్. జర చెప్పొద్దా?"

అప్పుడు నేనొక మాట అన్నాను. దాన్ని ఇక్కడ రాయకుండా ఉండే ఉపాయం కోసం చాలాసేపు ఆలోచించాను. దొరకలేదు.

"చెప్తనే ఉంటం సార్. వినదు," అన్నాను.

అత్తమ్మ అవునన్నట్టు తల ఊపింది.

ఆ సాయంత్రం ఆ వార్తను వెతికి చివరిదాకా చదివాను. షుగరు మందులు వాడుతున్నవాళ్లు వాటితో పాటు ఇదీ వేసుకుంటే షుగరు కొద్దిగా తగ్గినట్టు కనిపించిందట. షుగరు మందు మానేసి దాని బదులు వేసుకోమని ఎక్కడా లేదు. దాన్నింకా వైద్యంగా ఎవరూ వాడటం లేదనీ, డాక్టర్‌ను అడగకుండా ఏదీ మార్చుకోవద్దనీ రెండో పేరాలోనే ఉంది. పిల్లలు ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాస్తే నేను ఏమంటానో నాకు బాగా తెలుసు.

జరిగిందంతా మా ఆవిడకు చెప్పాను.

"నువ్వు నవ్వులాటకన్నవని నాకెర్కే. అవ్వకెట్ల ఎర్కైతది? నువ్వేమన్నా ఆమెకు నిజమే," అంది. ఆపైన, "నాకు జెప్తే ఏమొస్తది? డాక్టర్‌కు జెప్పు," అంది.

వేలు ఉంటుందో పోతుందో తేలడానికి మూడు వారాలు పట్టింది. రోజూ ఇన్సులిన్, రోజు విడిచి రోజు కట్టు. అత్తమ్మ మా ఇంట్లోనే ఉంది. ప్రతిసారీ నేనే తీసుకెళ్లాను. ప్రతిసారీ ఈ రోజు చెప్పేద్దామనుకున్నాను. బయట పేషెంట్లు ఎక్కువగా ఉన్నారనో, డాక్టర్ హడావిడిలో ఉన్నాడనో ఏదో ఒక సాకు దొరికేది. సాకుల విషయంలో నేనెప్పుడూ ఇబ్బంది పడలేదు.

చివరికి ఒక రోజు డాక్టర్ కట్టు విప్పి, వేలిని నొక్కి చూసి, "దక్కిందమ్మా," అన్నాడు. అత్తమ్మ రెండు చేతులూ జోడించింది.

"సార్, షుగర్ గోలీలు బంద్ చెయ్యమన్నది నేనే. నవ్వులాటకన్న. ఆమె నిజమనుకుంది. ఆ రోజు మీ ముందట అబద్ధమాడిన," అన్నాను.

డాక్టర్ దూది కింద పెట్టి అత్తమ్మ వైపు చూశాడు. "నిజమేనా అమ్మా?"

"కాదు సారు," అంది, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. "తప్పు నాదే. అల్లుడు మంచోడు. నన్ను మల్ల కోపం జేస్తరని ఆయన మీదేసుకుంటుండు."

డాక్టర్ నవ్వి నా భుజం తట్టాడు. "ఇసొంటి అల్లుడు దొరకాలె అమ్మా," అన్నాడు.

నోరు తెరిచాను. అత్తమ్మ కొంగు సర్దుకుంటూ, మెల్లగా తల అడ్డంగా ఊపింది. నోరు మూసుకున్నాను.

తలుపు ఆ రోజు కూడా తెరిచే ఉంది. మందుల చీటీ కోసం బయట నిలబడితే, వరుసలో ఉన్న ఒక ముసలాయన జరిగి బెంచీ మీద నాకు చోటిచ్చాడు.

"ఇట్ల కూసో బిడ్డా," అన్నాడు.

కూర్చున్నాను.