నాపబండల గూట్లో జేజి పెట్ట

మా చిన్నప్పుడు మైదుకూరు పక్కన మా ఊళ్లో కోళ్లకు ఇల్లంటూ ఉండేది కాదు... పొద్దుగూకితే గంప బోర్లించి, పైన ఒక రాయి పెట్టేవాళ్లు. అంతే. పగలంతా వీధి వాటిదే. యాభైల నాటి మాట ఇది.

ఆ ఏడు మా వీధికి ఒక జంగుపిల్లి మరిగింది. అదే, అడవిపిల్లి. రాయిని నెట్టేసి, గంప లేపి, పని కానిచ్చుకొని పోయేది దొంగముండ! తెల్లారి చూస్తే ఈకలే... మా జేజి, అంటే నాయనమ్మ, సాకిన కోళ్లన్నీ అలాగే పోయాయి. మిగిలింది ఒక్క చుక్కలపెట్ట. అది కూడా అప్పుడే గుడ్ల మీద పొదగడానికి కూర్చుంది.

కోళ్లే కదా అనుకుంటారేమో. పొలం నాయనది, ఎద్దులు నాయనవి. వంటిల్లు ఎప్పుడో మా అమ్మ చేతికి వచ్చేసింది. ఆ ఇంట్లో "ఇవి నావి" అని జేజి అనగలిగేది ఆ కోళ్లనే. అవి పోయాక ఆమె పెరట్లోకి రావడమే మానేసింది. గోడకు ఆనుకొని ఊరికే కూర్చునేది... అలా చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

"ఈ పెట్ట గూడా పోతే ఇంగ ఈ ఇంట్లో కోడి మాటెత్తొద్దురా. నాతో కాదు," అంది నాయనతో.

మరుసటి రోజే నాయన బండి కట్టుకొని పోయి నాపబండలు తెచ్చి పెరట్లో దింపాడు. మా సీమలో నాపరాయికి కరువేముంది? గచ్చుకు అదే, అరుగుకు అదే, గొడ్ల తొట్టికీ అదే... ఇప్పుడు కోళ్లకూ అదే!

కింద తవ్వుకొని ఏదీ దూరకుండా బండల్ని మూరెడు లోతు పాతి నిలబెట్టాడు. పైన మూతగా ఒకే పెద్ద బండ. గూటి ముందు కోళ్లు తిరగడానికి చిన్న దొడ్డి, దాని చుట్టూ కూడా బండలే, వాటి నెత్తిన రేగికంప. కంప అందించీ అందించీ నా చేతులన్నీ గీరుకుపోయాయి. అయినా నేను అక్కడి నుంచి కదిలితే ఒట్టు!

ఎదురింటి దస్తగిరి మామ వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకొని చూశాడు. "ఏమప్పా, గండికోట కడ్తాండావా? ఫిరంగులు యాడ పెడ్తావు?"

"నవ్వన్నా, నవ్వు. నీ కోళ్లు గూడా పోతాండాయి, చూస్తానే ఉండా," అన్నాడు నాయన.

పెట్టను గుడ్ల బుట్టతో సహా లోపల పెట్టాం. రెండో పొద్దుకే కంప చెదిరి కనిపించింది... పిల్లి వచ్చి పోయింది. లోపల పెట్ట క్షేమం! నాయన మీసం మెలేశాడు.

ఈలోగా ఎండలు ముదిరాయి. మా ఎండల సంగతి మీకు చెప్పాలా? ఒక మధ్యాహ్నం నీళ్లు పెడదామని పోతే, పెట్ట గుడ్లు వదిలేసి దొడ్డిలో ఒక మూల నోరు తెరుచుకొని రొప్పుతోంది. గూట్లో చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను. పైబండ పెనంలా కాలిపోయి ఉంది.

"జేజీ!" అని అరిచాను.

ఆమె పరుగున వచ్చింది. ఎన్నాళ్లకో పెరట్లోకి! గుడ్లను ఒక్కొక్కటే చెంపకు ఆనించి చూసింది. కొంగులో వేసుకొని పోయి, ఇంట్లో నీళ్లకుండల పక్కన జొన్నపొట్టు పోసి, వాటిని అందులో పెట్టింది. పెట్టకు నీళ్లు తాపి, బుజ్జగించి కూర్చోబెట్టింది. అది కూర్చుంది... కానీ గుడ్లు బాగున్నాయో, చెడిపోయాయో ఎవరికి తెలుసు?

నాయన పొలం నుంచి వచ్చీ రాగానే జేజి అందుకుంది. "ఏమిరా, గాలాడక మనమే మిద్దెక్కి పండుకుంటాండాం. నోరులేనిదాన్ని నాలుగుదిక్కులా బండలేసి మూస్తావా? బుద్ధి ఉండాదా నీకు?"

నాయన తల గోక్కున్నాడు. నిజమే కదా! ఎండాకాలం ఊరు ఊరంతా మిద్దెల మీదే నిద్రపోయేది. పిల్లి భయంలో ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

"పైబండ తీసేస్తాలేమ్మా."

"తీస్తే పిల్లి ఊరుకుంటుందా? బండ ఉండనీ. దాని మీద మిద్దె ఎయ్యి."

మా ఇళ్ల పైకప్పులు చౌడుమట్టితో వేసినవే. ఆ మట్టి కింద పగలు చల్లగా ఉంటుంది. జేజి బండ మీద కానుగాకు పరిపించి, జానెడు మందాన చౌడు పోయించింది. చీర ఎగదోపుకొని తనే తొక్కింది, నన్నూ తొక్కమంది. ఒక పక్క బండ తీసేసి, పాత బండి ఊచలను పిల్లి పంజా దూరనంత దగ్గరగా నాయన చేత పాతించింది. అబ్బ, ఆ రోజు ఆమె నోటికి విశ్రాంతే లేదు! మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని ఒకటే నవ్వు.

కొన్నాళ్లకు ఒక పొద్దున కుండల పక్క నుంచి కియ్ కియ్ మని సన్నగా వినిపించింది...

"రాండి, రాండి! పిల్లలైనాయి!" అని జేజి ఇల్లు ఎగిరిపోయేలా కేకలు పెట్టింది. కొన్ని గుడ్లు మురిగిపోయాయి. పోతే పోయాయి. మిగిలినవి ఆమె ఒళ్లో దొర్లుతుంటే నాయన అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నాకైతే సంతోషం పట్టలేక గంతులే గంతులు.

తల్లినీ పిల్లల్నీ కొత్తమిద్దె గూట్లోకి మార్చాం. జంగుపిల్లి మళ్లీ వచ్చింది. మట్టి గీకి గీకి, బండ తగిలేసరికి విసుగొచ్చి పోయింది కాబోలు. పిల్ల ఒక్కటి కూడా పోలేదు.

అవి పెరిగి పెట్టలయ్యాక జేజి వీధిలో వాళ్లకు పాలుకు ఇచ్చింది. పాలుకు అంటే వాటాకు, పెట్ట మాది, సాకడం మీది, పిల్లలు చెరిసగం. మొదట అడగడానికి వచ్చింది ఎవరనుకున్నారు? దస్తగిరి మామే!

"మొదులు గూడు కట్టప్పా. తర్వాతనే పెట్ట," అంది జేజి. ఆయన మారు మాట్లాడకుండా బండలకు పోయాడు.

రెండేళ్లు తిరిగేసరికి వీధిలో ఇంటింటికీ గూడు వచ్చింది. తెల్లవారుజామున ఎవరింట్లో పుంజు కూసినా, మా జేజి పక్క మీదే అటు చెవి పెట్టి, "అది మనదే," అనేది.

ఇప్పుడు మా ఇంటికి గుడ్లు అట్టల్లో వస్తున్నాయి... ఏ ఊరి పెట్ట పెట్టిందో, దాన్ని ఎవరు సాకారో తెలియదు. మీ ఇళ్లల్లో కోళ్లను పాలుకు ఇచ్చిపుచ్చుకునేవాళ్లా? ఉంటే రాయండి... ఎవరింటి పెట్ట మీ ఇంట్లో పిల్లలు చేసిందో, ఆ ఇంటివాళ్లను ఏ వరస పెట్టి పిలిచేవాళ్లో కూడా.