ఆరనివ్వని పేరమ్మక్క

మా తోటికోడలు పేరమ్మక్క గ్యాస్ బండని కూడా కడుగుతుంది. ఎగతాళికి అనడం లేదు. సిలిండర్ దించినతను వీధి మలుపు తిరక్కముందే దాన్ని పెరట్లోకి దొర్లించి, సబ్బు పెట్టి రుద్ది, పసుపురాసి బొట్టు పెట్టి, అప్పుడు గానీ వంటింట్లోకి రానివ్వదు. కొబ్బరికాయ కడుగుతుంది. తాళంచెవులు కడుగుతుంది. కొత్త చీపురు కొంటే దాన్నీ కడుగుతుంది. ఓసారి మా ఆయన తన సెల్‌ఫోను వాళ్ళ అరుగు మీద మర్చిపోయి వస్తే, అది తళతళా మెరుస్తూ ఇంటికొచ్చింది. మోగడం మాత్రం మానేసింది.

మాది పెదకాకాని దగ్గర పల్లె. అన్నదమ్ములిద్దరి ఇళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పానకాలు బావగారిది మిర్చి, పత్తి సేద్యం. అక్కది చీరల వ్యాపారం. మంగళగిరి వెళ్ళి నేతవాళ్ళ దగ్గర చీరలు తెచ్చి, వీధి గదిలో అరల నిండా సర్ది అమ్ముతుంది. ఏడాదంతా అమ్మేది ఒకెత్తు, శ్రావణమాసంలో అమ్మేది ఒకెత్తు. ఆ నెల్లో గది మూతబడిందంటే ఊళ్ళో ఆడవాళ్ళంతా గుంటూరు బస్సెక్కి షాపులకి పోతారు. ఆ రుచి మరిగారంటే మళ్ళీ ఈ గడప తొక్కరు. అక్క భయమల్లా అదే.

ఆ గదిని ఆవిడ రోజూ తెల్లవారకముందే బకెట్లతో నీళ్ళు కొట్టి కడుగుతుంది. శుక్రవారమైతే సాయంత్రం మళ్ళీ కడుగుతుంది. మా బావగారు పెళ్ళైన దగ్గర్నుంచీ కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకునే కూర్చుంటున్నారు.

మొన్న జ్యేష్ఠమాసం చివర్లో మేమంతా ఒంగోలులో పెళ్ళికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి డాబా మీది ట్యాంకు నుంచి దిగే పైపు గోడలోనే పగిలి, వీధి గదిలో మడమ లోతు నీళ్ళు. గోడ పొంగి పెచ్చులు ఊడుతోంది. అక్క గుమ్మంలో నిలబడి చూసి మొట్టమొదట అన్న మాట ఏమిటో తెలుసా? "నేను లేకుండా ఎవరే కడిగింది?"

కింది అరలో చీరలు తడిసి, ఒకదాని రంగు ఒకదానికి అంటుకుని పనికిరాకుండా పోయాయి. మిగిలినవన్నీ మా పడగ్గదిలోకి చేరాయి. నేనూ మా ఆయనా మంచాలు వసారాలోకి లాక్కున్నాం. పైపు మార్చడం ఒక్క పూటలో అయిపోయింది. గోడే ఆరలేదు. చూస్తుండగా నల్లటి బూజు మచ్చలు మోకాలి ఎత్తుకి ఎక్కాయి. అలాంటి గోడ పక్కన నూలు చీరలు పెడితే వాసన పట్టి, ఎవరూ ముట్టుకోరు.

మేస్త్రి వచ్చి గోడంతా చెక్కెయ్యాలన్నాడు. రంగుల కొట్టాయన పైన రెండు పూతలేస్తే కనపడదన్నాడు. మా అమ్మాయి హారిక ఫోన్లో వెతికి, తడిసిన ఇళ్ళు ఆరబెట్టి బాగుచేసే కంపెనీ ఒకటి గుంటూరులో ఉందని పట్టుకుంది. ఎండలు మండిపోయే ఊళ్ళో ఆరబెట్టడానికి కంపెనీ ఎందుకే అని అక్క నవ్వింది. గోడని మిరపకాయల్లాగా తీసుకెళ్ళి కళ్ళంలో పొయ్యలేం కదా పెద్దమ్మా అంది హారిక. దాంతో అక్క ఒప్పుకుంది.

కంపెనీ వాళ్ళు వ్యానేసుకుని వచ్చారు. వాళ్ళకి పెద్దగా వచ్చిన కుర్రాడి పేరు శివనాగరాజు. ఇంజినీరింగ్ చదివాడట, మెడలో కార్డు, కాళ్ళకి బూట్లు, వెనక ఇద్దరు పనివాళ్ళు. గాల్లో తేమని లాగి అడుగునున్న బకెట్లోకి నీళ్ళుగా దించే యంత్రం ఒకటి, రైసుమిల్లంత చప్పుడు చేసే ఫ్యాన్లు కొన్ని దించారు. అక్క గడప దగ్గర నీళ్ళ బకెట్టుతో సిద్ధంగా ఉంది. బూట్లు విప్పించి ముగ్గురి చేతా కాళ్ళు కడిగించింది. తర్వాత యంత్రం చక్రాల మీదికి చెంబు ఎత్తింది. కరెంటు మిషనమ్మా, కడక్కూడదు అని శివనాగరాజు దానికి అడ్డంగా పడుకున్నంత పని చేశాడు.

అప్పుడు మీటరు తీశాడు. రెండు సూదులున్న చిన్న పెట్టె. గోడకి గుచ్చితే ఎంత తేమ ఉందో అంకె చూపిస్తుంది. అంతవరకు అరుగు మీద కునుకు తీస్తున్న మా బావగారు దాన్ని చూడగానే దిగ్గున లేచారు.

ఆయన బాధ ఆయనది. పత్తి బోరేలు, మిర్చి టిక్కీలు, ఏ బస్తా తీసుకెళ్ళినా కొనేవాళ్ళు ఇలాంటి సూదులు గుచ్చి, తేమ ఎక్కువుంది అని రేటు కొయ్యడం ఆయన జీవితమంతా చూశారు. ఆ సూది ఎక్కడ కనబడినా వాదనకి దిగడం ఆయనకి ఒంటబట్టేసింది. శివనాగరాజు ఇరవై ఆరు ఉందండి అన్నాడో లేదో, ఈయన ఒంటికాలి మీద లేచారు.

"ఉండదు. ఎనిమిది దాటదు. పైపైన చూసి చెప్తే ఎట్టా బాబూ? లోపల బాగా ఎండిన సరుకు ఇది. ఇదిగో, ఇక్కడ గుచ్చు."

ఈయన గోడ అమ్మడానికి రాలేదు, అతను కొనడానికి రాలేదు. ఆ సంగతి ఎవరు చెప్పినా వినిపించుకుంటేగా. కుర్రాడిని మంచి చేసుకోవాలని టీ తెప్పించారు, ఎండిన చోటు ఏరి మరీ చూపించారు. చివరికి ఇరవై నాలుగుకి ఒప్పించినట్టు మొహం పెట్టుకుని మళ్ళీ పడుకున్నారు.

శివనాగరాజు గది మూసి ఉంచమన్నాడు, యంత్రం ఆపొద్దన్నాడు, బకెట్టు నిండితే పారబొయ్యమన్నాడు. శ్రావణం లోపల గది మీ చేతికిస్తానమ్మా అని అక్కకి మాటిచ్చాడు. గది కడగొద్దని మాత్రం చెప్పలేదు. ఆరబెట్టడానికి పిలిచిన గదిని ఎవరైనా కడుగుతారని పాపం ఆ పిల్లాడు కలలోనైనా అనుకోలేదు.

రోజూ వచ్చి సూదులు గుచ్చేవాడు. అంకె దిగడం పోయి ఎక్కుతోంది. గుచ్చిన ప్రతిసారీ బావగారు ఇంత ఉండదని అడ్డం పడుతున్నారు. శివనాగరాజుకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకో పైపు పగిలిందేమోనని గోడకి చెవి ఆనించి విన్నాడు. ఇంటికి నీళ్ళు రాకుండా ట్యాంకు కట్టేయించి చూశాడు. మూలన రెండు టైల్స్ లేపించి చూశాడు. ఏమీ దొరకలేదు. చివరికి, గదిలో ఎక్కడైనా నీళ్ళు తగులుతున్నాయా అని అందరినీ నిలబెట్టి అడిగాడు.

"చుక్క కూడా తగల్లేదు," అన్నారు బావగారు. నీళ్ళు చల్లారా అని పత్తి కొనేవాళ్ళు అడిగితే చెప్పే జవాబు అది. తడుముకోకుండా వచ్చేసింది.

నేనూ అక్కడే ఉన్నాను. నాకూ తట్టలేదు. కడగడం వేరు, నీళ్ళు తగలడం వేరు అనే అనుకున్నాను. మా ఇళ్ళల్లో పొద్దున్నే నేల కడగడాన్ని ఎవరూ పని కింద లెక్కెయ్యరు. ఇక అక్క సంగతి చెప్పేదేముంది, ఆవిడా లేదనే తలూపింది.

ఆ మర్నాడు శివనాగరాజు గోడ సంగతి తేలక నిద్ర పట్టలేదో ఏమో, తెల్లవారుతుండగానే వచ్చాడు. వీధి గది తలుపు బార్లా తెరిచి ఉంది. అక్క చీర కుచ్చెళ్ళు పైకి దోపి, కొబ్బరి చీపురుతో నేల బరబరా రుద్దుతోంది. పక్కన యంత్రం తిరుగుతూనే ఉంది. దాని అడుగున ఉండాల్సిన బకెట్టు అక్క చేతిలో ఉంది.

అతను నోరెళ్ళబెట్టాడు. 

"అమ్మా, ఆ నీళ్ళు..."

"మీ మిషన్‌వే బాబూ. అద్దంలా ఉన్నాయి, పారబొయ్యడానికి చేతులు రాలేదు. రోజూ వీటితోనే కడుగుతున్నా. పంపు నీళ్ళు ఒక్క చెంబు కూడా వాడలా," అంది అక్క గర్వంగా.

గోడలో నీళ్ళు యంత్రం లాగడం, యంత్రంలో నీళ్ళు అక్క నేలకి కొట్టడం, నేల తాగిన నీళ్ళు గోడకి ఎక్కడం. ఇన్నాళ్ళూ జరిగింది ఇదీ. రోజూ అతను వచ్చే వేళకి ఫ్యాన్లు నేలని పైపైన ఆరబెట్టేసేవి. శివనాగరాజు మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. చప్పుడు విని వెళ్ళిన నాకు నవ్వు ఆగలేదు గానీ, అతని మొహం చూసి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అతను లేచి ఒక్కటే మాట చెప్పాడు. ఇంకొక్క గ్లాసు నీళ్ళు ఈ నేల మీద పడితే యంత్రాలు ఎత్తుకుని వెళ్ళిపోతాను, శ్రావణం కాదు కదా దీపావళికి కూడా ఈ గది ఆరదు అన్నాడు. అక్క మొహం పాలిపోయింది. చీపురు మూలన పెట్టి, ముట్టుకోనని మాటిచ్చింది.

ఇచ్చింది బాగానే ఉంది, పడ్డది నేను. చేతిలో బకెట్టు పట్టుకుని ఆవిడ ఎక్కడికి పోతుంది, గోడ దాటి మా ఇంటికి రాకుండా? నేను కడుక్కున్న వసారా మళ్ళీ కడిగింది. మా ఆయన స్కూటరు కడిగింది. నేను నానబెట్టిన మినపప్పు కడిగీ కడిగీ పొట్టుతో పాటు పప్పులో సగం కాలవలోకి పంపింది. చీరలున్న పడగ్గదికి తాళమేసి చెవి రవికలో పెట్టుకుని తిరిగాను. ఓ పూట ఓపిక నశించి, నీకు దణ్ణం పెడతా, మా ఇల్లు వదిలెయ్యక్కా అని అరిచేశాను.

శుక్రవారం వచ్చింది. అక్క పొడి గడప ముందు కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్తే ఏడుస్తోంది. నాకు నవ్వాలో, ఏడవాలో తెలియలేదు. ఇల్లు కడక్కపోతే ఏమవుతుందక్కా అన్నాను.

వ్యాపారం మొదలుపెట్టిన కొత్తల్లో ఒకావిడ చీర మీద మట్టి మరక చూపించి, పేరమ్మ కొట్లో మురికి సరుకు అని ఊరంతా చాటిందట. ఆ ఏడాది ఒక్కరూ రాలేదట. ఈ గదిలో ఇంత దుమ్ము కనబడితే ఆ రోజులు మళ్ళీ వస్తాయని నా భయం మాధవీ అంది. ఇన్నేళ్ళు పక్క ఇంట్లో ఉండి నాకీ సంగతి తెలియదు. జాలేసింది. ఆ రోజు మా వసారాని ఆవిడ ఇష్టమొచ్చినన్ని సార్లు కడుక్కోనిచ్చాను.

అంకె దిగడం మొదలైంది. దిగీ దిగీ, ఆషాఢం ఇంకా మిగిలి ఉండగానే మీటరు ఎనిమిది చూపించింది. శివనాగరాజు సంతోషంగా అందరికీ చూపించాడు. "నేను మొదటి రోజే చెప్పా, నా మాట ఎవరు విన్నారు?" అన్నారు బావగారు. కంపెనీ వాళ్ళు బూజు గీకి, మందు కొట్టి, కొత్తగా సిమెంటు పూసి రంగేశారు. వెళ్ళేటప్పుడు శివనాగరాజు, ఈ నెలంతా పొడి గుడ్డతో తుడవండమ్మా, కడగొద్దు అని అక్క చేతులు పట్టుకుని బతిమాలాడు.

శ్రావణం మొదటి శుక్రవారం అరలు నిండాయి. నా పడగ్గది నాకొచ్చింది. అక్క మాత్రం పొడి గుడ్డ నలుపుకుంటూ, తుడిచిన చోటే తుడుస్తూ, ఎవరూ రారేమోనని వీధిలోకి తొంగి చూస్తూ నిలబడింది. వచ్చారు. మిరప తోటలున్న ఆసాముల ఇళ్ళ ఆడవాళ్ళు ఓ గుంపు వచ్చి, అలవాటు కొద్దీ గడప బయటే ఆగారు. ఎప్పుడు చూసినా ఆ నేల తడి. అడుగు పెట్టబోతే, జారుతుంది ఆగండి అని అక్క అరుపు. అందుకే బయట నుంచే వేలు చూపించి, ఆవిడ పట్టుకొచ్చిన చీర తీసుకుని పోయేవాళ్ళు.

ఈసారి అరుపు రాలేదు. ఒకావిడ కాలు పెట్టి చూసింది. పొడిగా ఉంది. మెల్లగా అందరూ లోపలికొచ్చారు, చాప మీద చతికిలబడ్డారు, చీరలు ఒళ్ళోకి లాక్కుని మడతలు విప్పుకున్నారు. ఒకరు తీసింది ఇంకొకరికి నచ్చింది, ఒకటి కొనడానికొచ్చినవాళ్ళు కోడలికీ ఆడపడుచుకీ కూడా ఏరారు. మధ్యాహ్నం దాటినా లేవలేదు. వెళ్తూ వెళ్తూ, రేపు మా అక్కచెల్లెళ్ళని తీసుకొస్తామన్నారు.

అక్క చీరల మధ్య కూర్చుని, గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసింది. మొహం వెలిగిపోతోంది.

"నువ్వెందుకే ఎప్పుడూ అక్కడే నిలబడతావు? లోపలికొచ్చి కూర్చోవచ్చుగా."

నాకు ఒళ్ళు మండింది. కాపురానికొచ్చి నా జుట్టు నెరిసింది, అయినా ఆ ఇంట్లో నా ఒళ్ళు నేలకి ఆనింది లేదు.

"ఎప్పుడన్నా కూర్చోనిచ్చావా అక్కా?"

చీరలు పక్కకి జరిపింది. తన పక్కన నేలని అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమి చూసింది.

"రావే, ఆరింది," అంది.

వెళ్ళి కూర్చున్నాను.